బావగారి ‘చూద్దాం’

మా ఆఫీసులో బావగారంటే ఒక్కరే. ఆయనకి పేరు లేకపోలేదు, జీతం కాగితాల మీద ఉండే ఉంటుంది. కానీ ఆ పేరు పెట్టి పిలిస్తే మాలో సగం మంది ఎవరా అని చుట్టూ చూస్తాం.

మా బాసుకి ఆయన స్వయానా అక్క మొగుడు. చేరిన రోజున బాసు అందరి ముందూ ‘‘రండి బావా, కూర్చోండి’’ అన్నాడు. టీ తెచ్చే ఆయన ‘‘బావగారికి చక్కెర ఎంత వెయ్యమంటారు?’’ అన్నాడు. అక్కడితో సరి. నెల తిరక్కుండానే క్లయింట్లు కూడా బావగారూ అనడం మొదలుపెట్టారు. ఆయన కంటే బాగా పెద్దవాడైన ఫర్నిచరు షాపాయన కూడా అలాగే పిలుస్తాడు. ఆ లెక్కన ఆయన భార్య ఊరందరికీ అక్క అయిపోయింది. ఆ సంగతి ఆవిడకి ఎవరైనా చెప్పారో లేదో నాకు తెలియదు.

అంతకు ముందు ఆయన ఒక ప్రింటింగు ప్రెస్సులో పని చేశారు. పగలంతా దుకాణాలు తిరిగి బిల్లు పుస్తకాలకీ కరపత్రాలకీ ఆర్డర్లు తేవడం, సాయంత్రం మిషన్ల పక్కన నిలబడి అచ్చు సరిగ్గా పడుతోందో లేదో చూసుకోవడం. ఆ ప్రెస్సు మూతపడింది. బామ్మర్ది బతక్కోరతాడు, దాయాది చావు కోరతాడు అంటారు. మా బాసు బావ బతుకు కోరిన మాట నిజమే, తీసుకొచ్చి కుర్చీ వేశాడు. కాకపోతే ఆ కుర్చీ వేసింది తానేనని వీలు దొరికినప్పుడల్లా గుర్తు చేస్తాడు.

ఇంట్లో బావమరిదిని ‘ఏరా’ అనే మనిషి ఆఫీసు గడప దాటగానే ‘మీరు’ అనేవారు. ఎవరూ అడగలేదు, ఆయనే మార్చుకున్నారు. ఒకే మనిషిని ఇంట్లో ఒకలాగా, ఆఫీసులో ఒకలాగా పిలవడం ఎంత అవస్థో, బావమరిది కింద పని చేసిన వాళ్ళకే తెలియాలి.

ప్రకటనలు తయారుచేసే ఆ ఆఫీసులో నేను డిజైనర్ని. బొమ్మ ఎక్కడ, అక్షరం ఎక్కడ, ఖాళీ ఎక్కడ అన్నది చూసే పని. నా తల సగం నెరిసినా బావగారు నన్ను ‘అమ్మాయ్’ అనే పిలుస్తారు. నాకు నోరు ఎక్కువని ఆఫీసులో ఒక పేరుంది. నోరు లేకపోతే ఆ ఆఫీసులో బతకలేం, అది కూడా రాసుకోండి.

ఆఫీసు టైర్ల దుకాణం మీద. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, కింద టైర్లకి గాలి కొట్టే కంప్రెసరు మోత. మీటింగు గదిలో ఏసీ నీళ్ళు కారి పడే బకెట్టు. క్లయింటు వచ్చే రోజున ఆ బకెట్టు బల్ల కిందకి తోసి, దాని పక్కనే కూర్చుని ‘నమ్మకమే మా పునాది’ అని బాసు స్లైడు చూపిస్తాడు.

నమ్మకం అంటే ఏమిటో మా వృత్తిలో ఉన్నవాళ్ళని అడగాలి. మొదటి నెల క్లయింటు ‘‘మీకు తెలియందేముంది, అంతా మీ ఇష్టం’’ అంటాడు. రెండో నెల ‘‘లోగో కొంచెం పెద్దది చెయ్యండి’’ అంటాడు. మూడో నెల ‘‘మా తోడల్లుడి కొడుక్కి నచ్చలేదు’’ అంటాడు. ఆ తోడల్లుడి కొడుకు కాలేజీకి కూడా ఇంకా వెళ్ళి ఉండడు. వాళ్ళనే అనడం దేనికి, మేం మాత్రం? గోరంతను కొండంత చేసి చూపించడమే మా కూడు. చూపించిన కొండ ఎక్కబోయి వాళ్ళు కింద పడితే, తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి మా బావగారు.

క్లయింట్ల కోపం మోసుకొచ్చి మాకు మెత్తగా చెప్పాలి, మా విసుగు మోసుకెళ్ళి వాళ్ళకి ఇంకా మెత్తగా చెప్పాలి. నా బాధలు నేను ఆయనకే చెప్పుకునేదాన్ని. ఒకసారి అలా చెప్పుకుంటుంటే నాకే నవ్వొచ్చింది. ‘‘రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది బావగారూ, నన్ను ఒక వైపే బాదుతారు, మిమ్మల్ని రెండు వైపులా’’ అన్నాను. ఆయన నా మొహంలోకి శ్రద్ధగా చూసి, తల ఊపి, ‘‘చూద్దాం’’ అన్నారు.

ఆ చూద్దాం గురించి చెప్పాలి. మన ఇళ్ళలో నాన్న ‘చూద్దాం’ అన్నాడంటే పిల్లలు ఆ ఆశ వదులుకుంటారు. ఆఫీసర్లు చూద్దాం అంటే ఇంక ఆ గుమ్మం తొక్కక్కర్లేదు. లేదు, కాదు, కుదరదు అని మొహం మీద అనలేక మనవాళ్ళు కనిపెట్టిన మాట అది. బావగారి నోట్లో మాత్రం అది వేరేగా పలికేది. ఫోను మోగుతుంది, అవతల ఎవరో అరుస్తుంటారు, ఈయన ‘‘చూద్దామండీ, వస్తాను’’ అంటారు. అని ఊరుకోరు. లేచి, చొక్కా సర్దుకుని, నిజంగానే వెళ్ళిపోతారు. ఎంత చిన్న విషయమైనా ఫోనులో తేల్చరు.

వెళ్ళి ఎదురుగా కూర్చుంటారు. బాగా దగ్గరగా, మోకాలికి మోకాలు తగిలేంత. మొహంలోకి చూస్తూ అవతలి మనిషి చెప్పిందంతా వింటారు. అయ్యాక ‘‘అంటే మీరనేది ఇదేగా’’ అని మొత్తం మళ్ళీ అప్పజెబుతారు. ఎక్కడైనా తేడా వస్తే వాళ్ళే దిద్దుతారు. అప్పటికి సగం కోపం పోతుంది. ‘‘నా పెళ్ళాం కూడా నా మొహం ఇంతసేపు చూడలేదు బావగారూ’’ అన్నాడట ఫర్నిచరు షాపాయన. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారుగా, ఈయన విషయంలో చెవి మంచిదని మేమంతా అనుకున్నాం. బాసు అయితే బ్రోచరు మీద ఆయన ఫోటో వేయించి కింద ‘మేం వింటాం’ అని పెద్ద అక్షరాలతో పెట్టించాడు. ఆ అక్షరాలు కూర్చింది నేనే.

అదే బాసు, బావగారు తన మాటకి సమాధానం చెప్పకుండా పోయినప్పుడు, ‘‘ఈయనకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే’’ అని నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్ళం.

బాసుకి చాలాకాలం ఆశగా ఉన్న క్లయింటు ఒకావిడ ఉండేది. వినికిడి పరీక్షలు చేసి, చెవి మిషన్లు అమర్చే సెంటరు ఆవిడది. మేం వినికిడి మేడమ్ అనేవాళ్ళం. అంతకు ముందు ఆవిడ రెండు ఏజెన్సీల చేతుల్లో మోసపోయింది. ఒకరు ఎవరిదో ఫోటో పెట్టి ఈయన మీ పేషెంటు, బాగుపడ్డాడు అని వేశారు. ఇంకొకరు లేని మనుషుల చేత మెచ్చుకోళ్ళు రాయించారు. మా బాసు ఎన్ని స్లైడ్లు చూపించినా ఆవిడ మొహంలో మార్పు లేదు. చివరికి బావగారు వెళ్ళారు, నన్ను వెంటబెట్టుకుని.

ఆవిడ గదిలో బొమ్మలేమీ లేవు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గాజు తలుపు ఉన్న చిన్న పరీక్ష గది. బావగారు తన అలవాటు ప్రకారం కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

‘‘నాకు ప్రకటన కావాలి, అబద్ధం అక్కర్లేదు,’’ అంది ఆవిడ. ‘‘పోయిన వినికిడి తిరిగి రాదు. మిగిలింది ఎంతో చూసి, దాంతో ఎలా బతకాలో నేర్పుతాం. అంతవరకే. మళ్ళీ వినిపిస్తుంది, తిరిగి వస్తుంది, ఇలాంటి మాట నా సెంటరు పేరు మీద కనపడకూడదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఆ ఆశతోనే చస్తుంటారు. దాని మీద మీరు వ్యాపారం చెయ్యొద్దు.’’

‘‘అంటే మీరనేది ఇదేగా,’’ అని బావగారు అదంతా మళ్ళీ చెప్పారు, ఒక్క మాట పోకుండా. ‘‘నా చేతి మీదుగా అలాంటి మాట వెళ్ళదండీ. మాట ఇస్తున్నాను.’’

ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. తర్వాత బల్ల మీది ఫైలు తీసి, చదువుతున్నట్టు మొహానికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతోనే ‘‘ఎండ పడుతోంది, కిటికీ వెయ్యమంటారా?’’ అంది.

‘‘చూద్దామండీ,’’ అన్నారు బావగారు.

కిటికీ వెయ్యడానికి చూద్దామేమిటని నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. ఫైలు దించి, ‘‘సరే, పని మీకే ఇస్తున్నాను’’ అంది. ఏడాది తిరిగేసరికి మా ఆఫీసు కరెంటు దీపం ఆవిడ పని మీదే వెలుగుతోంది అనేంత పెద్ద క్లయింటు అయింది.

మా అమ్మకి కంటి ఆపరేషనని నేను సెలవు పెట్టిన వారంలో జరిగింది అసలు సంగతి. సెలవు నుంచి వచ్చిన రోజు పొద్దున్నే ఆఫీసులో పేపరు తెరిచి చూస్తే సగం పేజీ మేడమ్ ప్రకటన. పైన నా చేతి అక్షరాలు కాని అక్షరాలతో, పళ్ళికిలించినట్టు, ‘పోయిన వినికిడి మళ్ళీ మీ సొంతం. గ్యారంటీ.’

బావగారి బల్ల మీద కూడా అదే పేజీ తెరిచి ఉంది. ఆయన దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నారు.

‘‘ఎవరు రాశారు బావగారూ ఇది?’’ అని అడిగాను. ఆయన చెప్పేలోగా బాసు గదిలోంచి వచ్చాడు.

‘‘నేనే రాశాను, అయితే ఏమైంది? ప్రకటనకి ఊపు లేదు. పేజీ వెళ్ళిపోతోంది, టైము లేదు. బావకి ఫోన్ చేసి అడిగాను కూడా, ఈ లైను వేసేద్దామా అని. చూద్దాం చూద్దాం అన్నారు. అంటే సరేననేగా?’’

బావగారు మొహం ఎత్తి చూశారు. ‘‘నేను అప్పుడు ఎక్కడున్నాను?’’

‘‘నాకేం తెలుసు, మెట్ల మీద ఉన్నట్టున్నారు. కింద ఆ గాలి మిషను మోత వినపడింది.’’

బావగారి మొహం పాలిపోవడం నేను చూశాను. బాసు మీద కోపమేమో అనుకున్నాను. నాకైతే ఒళ్ళు మండింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తను రాసిన రాతకి ఈయన చూద్దామనడమా కారణం?

అంతలో ఫోను మోగింది. మేడమ్. బావగారు ‘‘చూద్దామండీ, వస్తాను’’ అని పెట్టేసి లేచారు. బాసు ఆయన దారికి అడ్డంగా నిలబడి, అంతదాకా ఉన్న గొంతు తగ్గించాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

‘‘ఆవిడని ఎలాగైనా నిలబెట్టుకు రండి. ఆవిడ పోతే మీ కుర్చీ నేను నిలబెట్టలేను బావా. అక్కకి మీరే చెప్పుకోవాలి.’’

బావగారు తల ఊపి మెట్లు దిగారు. రమ్మనకపోయినా నేను వెనకాలే వెళ్ళాను.

సెంటరు ముందు గదిలో కుర్చీలు చాలక జనం గోడ పక్కన నిలబడి ఉన్నారు. చాలామంది చేతుల్లో మడత పెట్టిన పేపరు. మేడమ్ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

‘‘ఎవరు రాశారు?’’

‘‘నేను సరే అన్నాను,’’ అన్నారు బావగారు.

‘‘మీరు అనరు. నాకు మాట ఇచ్చారు.’’

‘‘అన్నానండీ.’’

‘‘అయితే వెళ్ళి వాళ్ళకి చెప్పండి,’’ అంది ఆవిడ తలుపు వైపు చూపించి. ‘‘ఒక్కొక్కళ్ళకీ. వాళ్ళకి ఆశ పెట్టింది నేను కాదు. లేదని నా నోటితో చెప్పలేను.’’

నేనైతే వచ్చిన దారినే వెళ్ళిపోయేదాన్ని. బావగారు ఒక పీట లాంటి ఎత్తు తక్కువ కుర్చీ తీసుకుని ముందు గదిలోకి వెళ్ళారు. మొదటి మనిషి ముందు కూర్చున్నారు. అదే దగ్గర, అదే చూపు. ‘‘ఈ ప్రకటన వేసింది మేమండీ. ఈ మాట తప్పు. పోయింది తిరిగి రాదు. మేడమ్ గారు ఇలా రాయొద్దని ముందే చెప్పారు. పరీక్ష చేయించుకుంటే మిగిలింది ఎంతో తెలుస్తుంది, దానికి సాయం చేస్తారు.’’ కొందరు సరేనన్నారు. ఒకాయన పేపరు ఉండ చుట్టి ఆయన ఒళ్ళో వేసి వెళ్ళిపోయాడు. ఒకావిడ, బస్సు మారి బస్సు మారి వచ్చానని చెప్పి తిట్టింది. ఆయన దేనికీ ఎదురు చెప్పలేదు. ఒళ్ళోని ఉండ తీసి జేబులో పెట్టుకుని పక్క మనిషి ముందుకి కుర్చీ జరుపుకున్నారు.

గోడ చివర ఒక ముసలాయన, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. లారీలు నడిపి నడిపి వినికిడి మొత్తం పోగొట్టుకున్న మనిషని పక్కనున్న కూతురు అంతకు ముందే నాతో చెప్పింది. బావగారు చెప్పడం మొదలుపెట్టగానే ఆ అమ్మాయి అడ్డుపడింది.

‘‘ఇప్పుడు తప్పు రాశామంటే ఎలాగండీ? మా నాన్న పొద్దున ఈ పేపరు చూసి టిఫిను కూడా ముట్టలేదు. మనవరాలి మాట వింటానని కూర్చున్నాడు. ఈయనకి నేనేమని చెప్పాలి?’’

‘‘ఏమంటున్నాడు?’’ అన్నాడు ముసలాయన, కూతురి భుజం తట్టి.

ఆ అమ్మాయి చెప్పలేక మొహం తిప్పుకుంది. బావగారే ముసలాయన మొహానికి ఎదురుగా జరిగి, ఒక్కో మాటా విడదీసి పలికారు. ‘‘తప్పు. రాశాం. పెద్దాయనా. తిరిగి. రాదు.’’

ముసలాయన ఆయన పెదాల వంక చూస్తూ అంతా అర్థం చేసుకున్నాడు. ఏదో అనబోయాడు, బావగారు ఆ నోటి వంకే చూస్తున్నారు. వాళ్ళిద్దరూ ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ అలా ఉండిపోయారు. అప్పుడు ముసలాయన రహస్యం అడుగుతున్నట్టు ముందుకి వంగాడు. వినపడని మనిషి రహస్యం కదా, గదంతా మారుమోగింది.

‘‘నువ్వు కూడా మా బాపతేనా నాయనా?’’

బావగారు తల ఊపారు.

నాకు ఒక్కసారిగా అన్నీ గుర్తొచ్చాయి. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చోవడం, చెప్పిందంతా అప్పజెప్పడం, ఫోనులో ఏదీ తేల్చకపోవడం, కిటికీ వెయ్యమంటారా అంటే చూద్దామనడం. ప్రెస్సు మిషన్ల పక్కన అన్నేళ్ళు నిలబడిన చెవులవి. ఆయనకి వినపడనప్పుడల్లా మేం విన్న మాట ఆ ‘చూద్దాం’. మెట్ల మీద, ఆ కంప్రెసరు మోతలో, బాసు ఏమడిగాడో ఆయనకి చేరనే లేదు. శంఖం ఊదినట్టని నవ్వాం మేమంతా. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి.

మిగిలిన వాళ్ళందరికీ కూడా చెప్పడం అయ్యాకే ఆయన లేచారు. మేడమ్ గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే అన్నారు.

‘‘ఫోన్లో మావాడు ఏమన్నాడో నాకు వినపడలేదండీ. వినపడనప్పుడు చూద్దాం అంటాను. ఇంట్లో నా భార్యకి కూడా చెప్పలేదు. వినపడని వాణ్ణి క్లయింట్ల దగ్గరికి ఎవడు పంపిస్తాడు? ఈ పని కూడా పోతే నాకు ఇంకో పని రాదు. అందుకని దాచాను. ఆ లైను మావాడే రాశాడు గానీ, ఆపాల్సింది నేను. ఆపలేకపోయింది ఇందుకు.’’

‘‘తెలుసు,’’ అంది మేడమ్. ‘‘మొదటి రోజే తెలుసు. ఫైలు అడ్డం పెట్టి చూశాను.’’

‘‘మరి అడగలేదేమండీ?’’

‘‘చెప్పుకోని మనిషిని అడగకూడదు. మీరే చెబుతారని చూశాను.’’ ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కూడా బాగా అలిసిపోయి ఉంది. ‘‘అంతకు ముందు వచ్చిన వాళ్ళంతా బ్రహ్మాండంగా వినపడేవాళ్ళే. ఒక్కడూ నా మాట వినలేదు. మీరు కష్టపడి విన్నారు. అందుకే పని ఇచ్చాను. కానీ వాళ్ళు లేని పేషెంటుని ఉన్నాడన్నారు. మీరు లేని వినికిడి ఉందన్నారు. మీ మూలంగా ఇవాళ ఇంతమంది ఏడ్చుకుంటూ వెళ్ళారు. తేడా ఏముంది చెప్పండి?’’

‘‘లేదండీ,’’ అన్నారు బావగారు.

‘‘రేపటి పేపర్లో, అదే చోట, అంతే సైజులో, ఆ మాట తప్పు అని వేయించండి. వేశాక చూద్దాం.’’

బావగారు ఇబ్బందిగా నిలబడ్డారు. ఇన్నేళ్ళూ తను వాడిన మాట తన మీదకే వచ్చి పడింది. ‘‘చూద్దామంటే, వద్దనా అండీ, సరేననా?’’

‘‘చూద్దామంటే చూద్దామనే. పేపరు చూస్తాను.’’

తర్వాత ఆయన్ని గాజు తలుపు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. నేను బయటి నుంచి చూశాను. శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తాలట. చాలాసేపు ఆయన చెయ్యి ఒళ్ళోనే ఉంది. వాడి చూడమని ఆవిడ ఒక మిషను ఎడమ చెవికి అమర్చి పంపించింది.

దారిలో ఆయన బస్సు హారను మోగితే ఉలిక్కిపడ్డారు. ఎవరో సంచి ముడి విప్పుకుంటుంటే ఆ ప్లాస్టిక్ చప్పుడుకి తిరిగి చూశారు. టైర్ల దుకాణం దగ్గర కంప్రెసరు మొదలయ్యేసరికి మెట్ల మీదే కూలబడ్డారు.

‘‘ఇంత మోతా అమ్మాయ్ ఇది? మీరంతా ఎలా భరిస్తున్నారు?’’

‘‘భరించడం లేదు బావగారూ, అలవాటు పడ్డాం అంతే,’’ అన్నాను.

మెట్ల మీద కాసేపు అలాగే కూర్చున్నాం. ఇద్దరికీ లేచే ఓపిక లేదు.

బాసు ముందు మిషను చూశాడు. అది ఎందుకొచ్చిందో బావగారు దాచకుండా చెప్పారు, మేడమ్ పెట్టిన షరతు కూడా చెప్పారు. బాసుకి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. బావకి వినపడదన్న బాధ మొహంలో ఒక క్షణం కనపడింది, అది అబద్ధం కాదు. కానీ వెంటనే వ్యాపారం పైకొచ్చింది.

‘‘సరే, జరిగిందేదో జరిగింది. క్లయింట్ల దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రం అది తీసి జేబులో పెట్టుకోండి బావా. మేం వింటాం అని మీ ఫోటో వేసుకున్నాం, నవ్వుతారు.’’

బావగారు వెళ్ళి కిటికీ పక్క తన కుర్చీలో, మాకు వీపు పెట్టి కూర్చున్నారు. వినపడలేదేమో అనుకున్నాడు బాసు. పాత అలవాటు ఒక్క రోజులో పోతుందా?

నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, గొంతు కాస్త తగ్గించాడు.

‘‘ఆ తప్పు అన్న మాట మరీ పైన వద్దు. పైన ఆవిడ సెంటరు బొమ్మ వెయ్యి. ఇది కింద మూలకి, చిన్న అక్షరాలతో పెట్టు. వేశామా అంటే వేశాం. సగం పేజీలో మా తప్పు అని వేసుకుంటే రేపు మనకి పని ఎవడిస్తాడు?’’

‘‘అలా వేస్తే ఆవిడ ఉండదు,’’ అన్నాను. ‘‘బావగారి మాట...’’

‘‘బావకి చెప్పక్కర్లేదు. చెప్పినా ఆయన చూద్దాం అంటాడు.’’

‘‘అననులేరా.’’

గొంతు బయటి నుంచి వచ్చింది. బావగారు కుర్చీలోంచి లేవలేదు, ఇటు తిరగనూ లేదు. వీధి వైపే చూస్తున్నారు. ఆఫీసులో ఆయన నోట ‘రా’ అన్న మాట వినడం మాకందరికీ అదే మొదలు. టీ తెచ్చే ఆయన గ్లాసులు పట్టుకుని నడి మధ్యలో ఆగిపోయాడు.

‘‘పైనే పెట్టమ్మాయ్,’’ అన్నారు బావగారు. ‘‘అదే సైజు.’’

బాసు నా వంక చూశాడు, దగ్గరికి వేసిన తలుపు వంక చూశాడు. ఇంతకాలం ఆ తలుపు వేసి, బయటున్న మనిషి గురించి ఏమేమి మాట్లాడాడో అన్నీ ఒకసారి లెక్క వేసుకుంటున్నట్టున్నాడు. వద్దని మాత్రం అనలేదు. నేను వెళ్ళి పైనే పెట్టాను.

మర్నాడు పొద్దున మేడమ్ ఫోన్ చేసింది. ఫోను మిషనున్న చెవికి ఎలా ఆనించుకోవాలో తెలియక బావగారు కాసేపు తడుముకున్నారు. కొంచెం దూరంగా పట్టుకుంటే కుదిరింది. అందుకని ఆవిడ మాట నాకు కూడా వినపడింది.

‘‘పేపరు చూశాను. వచ్చే నెల పని సంగతి మాట్లాడుకుందాం. ఇప్పుడు వినపడుతోందిగా, ఇంత దూరం రావడం దేనికి? ఫోనులోనే చెప్పుకుందాం.’’

బావగారు అప్పటికే లేచి చొక్కా సర్దుకుంటున్నారు.

‘‘వద్దండీ,’’ అన్నారు. ‘‘వస్తాను.’’